మూసీ తీరాన మా కట్టడాలు

అన్నము, వస్త్రము, గృహము మానవునికి ప్రథమావసరాలని మనమందరము చిన్ననాడే చదువుకొన్నాము. అయితే గృహమనగా నాలుగు గోడలు, ఒక పైకప్పు మాత్రమేనా? మనిషి పుట్టే చోటు, చదివే చోటు, రోగంతో పడకవేసే చోటు, న్యాయం కోరి నిలబడే చోటు కూడా కట్టడాలే. మన జీవితంలోని ముఖ్య ఘట్టాలన్నీ ఏదో ఒక కప్పు కింద జరిగినవే. అందుచేత కట్టడాలను గురించి మాట్లాడడమంటే ఒక విధంగా మనలను గురించి మనము మాట్లాడుకోవడమే.

ఈ కళాశాలలో తెలుగు బోధించిన కాలంలో ఒకమారు తరగతిలో, "మీకు మిక్కిలి ఇష్టమైన కట్టడమేది?" అని అడిగినాము. చార్మినార్ అన్నవారు కొందరు, తాజ్‌మహల్ అన్నవారు మరికొందరు. చివరి వరుసలోని ఒక విద్యార్థి లేచి, "ఉస్మానియా దవాఖానా, సార్" అన్నాడు. తరగతి ఘొల్లున నవ్వినది. "మా తమ్ముడు అక్కడ బతికిండు, సార్" అని ఆ అబ్బాయి కూర్చున్నాడు. నవ్వు ఆగిపోయినది.

మేము ఆ దినమున పాఠం చెప్పలేకపోయినాము. కట్టడం మనదయ్యేది దాని సౌందర్యం వల్ల మాత్రమే కాదు, అందులో మనకు జరిగినదాని వల్ల అని ఆ విద్యార్థి ఒక్క వాక్యంలో చెప్పివేసినాడు. అతని మాట మా మనస్సులోని మూడు కట్టడాలను కదిలించినది. మూడూ మూసీనది ఒడ్డునే ఉన్నవి. మొదటిది మా తాతగారిది, రెండవది మా తండ్రిగారిది, మూడవది మా తల్లిగారిది. వాటిని గురించి చెప్పే ముందు ఆ నదిని గురించి నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది.

వరద తెచ్చిన మార్పు

1908వ సంవత్సరం సెప్టెంబరు 28న మూసీనదికి మహోత్పాతం వంటి వరద వచ్చినది. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయినారని అంచనా. వేలాది ఇండ్లు కొట్టుకొనిపోయినవి. అఫ్జల్‌గంజిలోని నాటి ఆసుపత్రి దెబ్బతిన్నది. క్లోరోఫాం మత్తుమందుపై 1888, 1889 సంవత్సరాలలో జరిగిన పరిశోధనల వలన హైదరాబాదు పేరు ప్రపంచ వైద్యరంగంలో వినబడేటట్లు చేసిన ఆసుపత్రి అది. దాని ఆవరణలోని ఒక చింతచెట్టును ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారని నగరవాసులు తరతరాలుగా చెప్పుకొంటారు. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన పురానాపూల్ మాత్రం ఆ ప్రవాహానికి ఎదురొడ్డి నిలిచినది.

ఆనాడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పాలిస్తున్నారు. వరదల నివారణకు ఉపాయం చెప్పవలసినదిగా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినారు. నదికి పైభాగాన జలాశయాలు కట్టి నీటిని నిలపాలని ఆయన సూచించినారు. 1920లో పూర్తి అయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తి అయిన హిమాయత్‌సాగర్ ఆ సూచనల ఫలితాలే. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ గద్దె నెక్కిన పిమ్మట 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. వరద తుడిచిపెట్టిన తీరంలో కొత్త భవనాలు లేచినవి. దక్షిణపు ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ. ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఆసఫియా గ్రంథాలయం. నయాపూల్ మీద నిలబడి చూస్తే ఇవి ఒకదాని ముఖం ఒకటి చూచుకొంటున్నట్లు కనిపిస్తవి. శోకం నుండి పుట్టిన సౌందర్యమని వీటిని అనవచ్చును.

ఈ భవనాల శైలిని ఇండో సారసెనిక్ అంటారు. మొగలాయి గుమ్మటము, రాజస్థానపు ఛత్రి, దక్కనీ మినారు, పాశ్చాత్య భవనాల విశాలమైన నడవలు ఒకేచోట కలిసిన శైలి అది. హైకోర్టు నమూనాను జయపురానికి చెందిన శంకర్‌లాల్ గీసినారు. ఆంగ్లేయుడైన విన్సెంట్ ఎష్ దానిని రూపొందించి నిర్మింపజేసినారు. ఆసుపత్రికి, సిటీ కాలేజీకి కూడా ఆయనే వాస్తుశిల్పి. రాయి కొట్టినవారు, సున్నం నూరినవారు మన పల్లెలవారు, మన బస్తీలవారు. ఇన్ని మతాల, ఇన్ని దేశాల చేతులు కలిస్తేనే ఒక గుమ్మటం లేచినది.

తాతగారి న్యాయస్థానం

హైకోర్టు భవనానికి 1915లో శంకుస్థాపన జరిగినది. 1920లో ప్రారంభోత్సవమైనది. ఎర్రని ఇసుకరాయి, గులాబీ వర్ణపు గ్రానైటు దానికి అందాన్నిచ్చినవి. ప్రాతఃకాలపు ఎండ పడినప్పుడు ఆ రాళ్ల రంగు చూచి తీరవలసినదే.

మా తాతగారు ఆ భవనం లోపల పనిచేసినవారు కారు. బయట చెట్టు నీడన చిన్న పెట్టె ముందు కూర్చుని అర్జీలు వ్రాసేవారు. హైదరాబాదు రాజ్యంలో న్యాయస్థానాల భాష ఉర్దూ. అక్షరం రాని రైతులు పల్లెల నుండి వచ్చి తమ కష్టాలను తెలుగులో చెప్పుకొంటే, దాదా వాటిని విని ఉర్దూలో అర్జీగా వ్రాసేవారు. భూమి గొడవలు, వారసత్వాలు, అప్పులు ఆయన కలం గుండా సాగి ఆ ఎర్రని మెట్లెక్కినవి.

1948 తర్వాత కొద్ది సంవత్సరాలలో న్యాయస్థానాల భాష మారినది. ఉర్దూకు బదులు ఇంగ్లీషు వచ్చినది. దాదాకు ఇంగ్లీషు రాదు. ఆయన పెట్టె ముందుకు వచ్చేవారు తగ్గిపోయినారు. కొన్నాళ్లకు ఆ పెట్టె ఇంటికి చేరి మా అమ్మీ చేతిలో పోపుల పెట్టె అయినది. ఇది మేము పుట్టకముందరి మాట. మేము ఎరిగిన దాదా వృద్ధుడు. శుక్రవారం మక్కా మసీదులో నమాజు చేసుకొని, మా చేయి పట్టుకొని నయాపూల్ దాకా నడిచివచ్చేవారు. హైకోర్టు గుమ్మటాల వైపు కొంతసేపు చూచేవారు. కోపంగా చూచేవారు కారు. "భాష మారింది, బేటా. ఇన్సాఫ్ మారకుంటే చాలు" అనేవారు.

చిన్నతనంలో ఆ మాట మాకు అర్థం కాలేదు. భాష మారితే మనిషి బ్రతుకు ఎంత తలక్రిందులౌతుందో పెద్దవారమైన తర్వాత తెలిసినది. తన జీవనోపాధిని పోగొట్టుకొన్న గుమ్మం మీద ద్వేషం లేకుండా నిలబడడం ఎంత కష్టమో ఇంకా తర్వాత తెలిసినది.

తండ్రిగారి గ్రంథాలయం

మా అబ్బా చత్తా బజారులో జిల్దు కట్టేవారు, అనగా పుస్తకాలకు అట్టలు వేసి కుట్టే పని. ఆ వీధి ఉర్దూ కాతిబులకు, ముద్రణాలయాలకు పేరు పొందినది. మైదాపిండితో గంజి కాచి, పురుగు పట్టకుండా అందులో కొంచెం మైలుతుత్తం కలిపేవారు. ఆ వాసన ఈనాటికీ మా ముక్కులోనే ఉన్నది.

నెలకొకమారు సెలవు దినాన అబ్బా మమ్ములను ఆసఫియా గ్రంథాలయానికి తీసుకొనిపోయేవారు. ఆ గ్రంథాలయం 1891లో సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీగారి కృషితో స్థాపింపబడినది. ప్రస్తుతం అఫ్జల్‌గంజిలో ఉన్న భవనంలోనికి 1936లో మారినది. నేడు దాని పేరు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. ఉర్దూ, తెలుగు, పారసీ, అరబ్బీ, ఇంగ్లీషు, హిందీ, మరాఠీ, కన్నడ గ్రంథాలు ఒకే కప్పు కింద ఉన్న చోటు అది. కప్పు ఎంతో ఎత్తు. లోపల అడుగుపెట్టిన మనిషి గొంతు తనంతట తానే తగ్గిపోతుంది.

అబ్బా ఎక్కువ చదివినవారు కారు. తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. అయినను తెలుగు పుస్తకాల వరుస ముందు నిలబడి, వాటి వెన్నులను వ్రేళ్లతో తడిమి, "ఈ కుట్టు మంచి చేతిది. ఈ పుస్తకాన్ని చాలామంది చదివారు" అనేవారు. కట్టు వదులైన తీరు చూచి ఎన్ని చేతులు మారినదో ఊహించేవారు. చదువరి పుస్తకాన్ని లోపలి నుండి ఎరుగును. మా అబ్బా వెన్నువైపు నుండి ఎరుగును. ఆ భవనంలో ఈ రెండు ఎరుకలకూ చోటున్నది.

ఈ సందర్భంలో మరొక గ్రంథాలయాన్ని స్మరింపకపోవడం అపచారమౌతుంది. మూసీకి ఉత్తరాన సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం కలదు. 1901 సెప్టెంబరు 1న మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు, కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైన పెద్దల పూనికతో అది వెలసినది. రాజభాష ఉర్దూగా ఉన్న నగరంలో తెలుగుకొక ఇల్లు కట్టిన మహనీయులు వారు. ఆసఫియా ఆవరణ నుండి నడిచిపోయేటంత దూరంలోనే ఆ నిలయం ఉన్నది. ఒకదానిలో మా ఇంటిభాష, ఇంకొకదానిలో మా వృత్తిభాష. ఈ రెంటి నడుమ నడచిన ఆ దారియే మా విద్య అని చెప్పుకోవడానికి మేము సంకోచింపము.

తల్లిగారి ఆసుపత్రి

ఇక మూడవది. ఉస్మానియా ఆసుపత్రి భవనం 1920ల మొదటి భాగంలో రూపుదిద్దుకొన్నది. గొప్ప గుమ్మటాలు, వాటి చుట్టూ చిన్న ఛత్రీలు, పొడవైన నడవలు, గాలి ధారాళంగా ఆడే ఎత్తైన వార్డులు దాని ప్రత్యేకతలు. రోగి లోనికి వచ్చేటప్పుడు తాను అనాథననుకోరాదు, రాజభవనంలో అడుగుపెడుతున్నాననుకోవాలి అన్నట్లు కట్టినారు. ఒకప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యను సైతం ఉర్దూలోనే బోధించేవారు. ఆ వైద్యవిద్యార్థులు ఈ వార్డులలోనే తర్ఫీదు పొందినారు.

1974లో మా అమ్మీకి జ్వరం వచ్చి తగ్గలేదు. పందొమ్మిది దినాలు ఆ ఆసుపత్రిలో ఉన్నది. అప్పుడు మాకు పదకొండేండ్లు. అబ్బా పగలు దుకాణానికి పోవలసి ఉండేది. కనుక పగటి కాపలా మాది. వార్డు కప్పు వైపు చూచి పావురాలను లెక్కపెట్టడం మా కాలక్షేపం.

ప్రక్క మంచం మీద నల్లగొండ జిల్లా పల్లె నుండి వచ్చిన ఒక పెద్దామె ఉండేది. ఆమెకు ఉర్దూ రాదు, అమ్మీకి తెలుగు రాదు. ఇద్దరికీ నడుమ మేమే దుబాసీ. నీళ్లు కావాలన్నా, నర్సును పిలవాలన్నా మా బజారు తెలుగే వారిద్దరికీ దిక్కైనది. నాలుగైదు దినాలకు మా అవసరం తగ్గిపోయినది. ఒకరి నొప్పి ఒకరికి మాటలు లేకుండానే తెలియసాగినది.

ఒకనాటి సాయంత్రం ఆమె కొంగుముడి విప్పి ఒక పోస్టుకార్డు తీసి, "కొడుకా, జర మా పిలగానికి నాలుగు ముక్కలు రాసియ్యవా?" అని అడిగినది. బడిలో తెలుగు రెండవ భాషగా చదువుతున్న మాట నిజమే కాని, వాచకం చూచి వ్రాయడం వేరు, ఒక తల్లి చెబుతూ ఉంటే వ్రాయడం వేరు. ఆమె గబగబ చెప్పుకొనిపోయినది. బర్రెకు దాణా వేయమన్నది, చెల్లెను కొట్టవద్దన్నది, తాను బాగానే ఉన్నానన్నది. మాకు వచ్చిన అక్షరాలు వ్రాసినాము. రాని ఒత్తుల చోట ఖాళీ వదలినాము. కొన్ని మాటలు ఉర్దూ లిపిలో వ్రాసి కొట్టివేసినాము. చిరునామా మాత్రం ఒక కాంపౌండరుగారు వ్రాసిపెట్టినారు. ఆమె కార్డును తిప్పి చూచి, చదవడం రాకపోయినా, "మంచిగ రాసినవు బిడ్డా" అని మా తల మీద చేయి వేసినది.

ఆ మాటకు మాకు కలిగిన సిగ్గు ఇంతింతని చెప్పరానిది. ఆ కార్డు చదివినవానికి తల్లి మాట సగమైనా అందినదో లేదో నేటికీ మాకు తెలియదు. అమ్మీకి నయమై ఇంటికి వచ్చేనాటికి ఆ పెద్దామె ఇంకా ఆ మంచం మీదనే ఉన్నది. సెలవు తీసుకొంటూ ఉంటే అమ్మీ చేతులు పట్టుకొని ఏదో చెప్పినది. ఆనాడు దుబాసీ అవసరం పడలేదు.

ఆ తర్వాతి వారం మేమే అబ్బాను అడిగి ఆసఫియాకు పోయినాము. పెద్దబాలశిక్ష తీసుకొని ఒత్తులు దిద్దినాము. మేము తెలుగు ఉపాధ్యాయులమైనామంటే కారణం ఏ గొప్ప కావ్యమూ కాదు. తప్పులతో వ్రాసిన ఒక పోస్టుకార్డు.

సున్నపు గోడల రహస్యం

ఈ కట్టడాలు వందేండ్లు ఎట్లా నిలిచినవి, ఇప్పుడు ఎందుకు జీర్ణిస్తున్నవి అని విద్యార్థులు అడుగవచ్చును. దీనికి శాస్త్రీయమైన సమాధానమున్నది.

వీటి గోడలలో సిమెంటు లేదు; డంగు సున్నమున్నది. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీటిలో నానవేసి, ఇసుకతో కలిపి గానుగలో నూరుతారు. పూర్వం బెల్లపు నీరు, కరక్కాయ కషాయం వంటివి కూడా కలిపేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటూ ఏండ్ల తరబడి నెమ్మదిగా గట్టిపడి, తిరిగి రాయి వంటిదౌతుంది. దానికి సన్నని రంధ్రాలుండడం వలన లోనికి చేరిన తేమ మరల ఆవిరియై బయటికి పోగలదు. గోడ శ్వాసిస్తుందని మేస్త్రీలు అనేది దీనినే. మందమైన గోడలు పగటి వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతవి. ఎత్తైన కప్పు కింద వేడిగాలి పైకి పోయి మంచాల వద్ద చల్లగా ఉంటుంది.

ఇటువంటి గోడకు సిమెంటు పూత పూస్తే ఏమౌతుంది? తేమ బయటికి పోయే దారి మూసుకొనిపోతుంది. లోపలనే నిలిచి ఇటుకను, సున్నాన్ని కొరుకుతుంది. పెచ్చులు ఊడుతవి. పైకప్పు మీద నీరు నిలిచే చోట, గుమ్మటాల పగుళ్లలో పక్షులు రావిగింజలను వదలుతవి. మొలక చిన్నదే, దాని వేరు రాళ్లను ఎడబాపుతుంది. సకాలంలో రావిమొక్కను పెరికి, నీటిదారులను శుభ్రపరచి, సున్నంతోనే మరమ్మతు చేస్తే ఈ కట్టడాలు మరికొన్ని తరాలు చూడగలవు. మా అబ్బా చెప్పినట్లు, పుస్తకం ఒక్కసారిగా చినగదు; మొదటి కుట్టు ఊడినప్పుడు చూడకపోవడం వలన చినుగుతుంది.

నేటి పరిస్థితి

2020 జూలైలో కురిసిన వర్షాలకు ఉస్మానియా ఆసుపత్రి పాతభవనంలోనికి నీరు చేరినది. రోగులను ఆవరణలోని ఇతర భవనాలకు మార్చి పాతభవనాన్ని మూసివేసినారు. దానిని పడగొట్టవలెనా, నిలుపవలెనా అనే వాదం అంతకు ముందు నుండే ఉన్నది. అది న్యాయస్థానం దాకా పోయినది. 2025 జనవరిలో గోషామహల్ వద్ద కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. హైకోర్టుకు కూడా రాజేంద్రనగర్ ప్రాంతంలో కొత్త భవన సముదాయానికి 2024లో శంకుస్థాపనమైనది.

రోగులకు ఆధునిక వసతులు కావాలనడంలో సందేహం లేదు. పెచ్చులూడే కప్పు కింద రోగిని పడుకోబెట్టి వారసత్వాన్ని గురించి ఉపన్యసించడం ధర్మం కాదు. కాని కొత్తది కట్టడానికి పాతది కూలవలసిన పని లేదు. ఉపయోగం పోయిన కట్టడం చావదు. ఉపయోగం మారని కట్టడం చస్తుంది. దీనికి నిదర్శనం మన నగరంలోనే ఉన్నది. కోఠీలో పందొమ్మిదవ శతాబ్ది ఆరంభాన జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కాలంలో కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ ఒకప్పుడు పరాయి అధికారానికి గుర్తు. 1949లో అందులోనికి మహిళా కళాశాల వచ్చినది. తరాల తరబడి ఆడపిల్లలు ఆ మెట్లెక్కి చదువుకొన్నారు. నేడది చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం. దర్బారు హాలు సైతం ఇటీవలి కాలంలో పునరుద్ధరణ పొందినది. పరాయివాని కోట మన ఆడపడుచుల బడి కాగలిగినప్పుడు, మన దవాఖానా మరొక మంచి పనికి ఎందుకు పనికిరాదు?

విద్యార్థి మిత్రులారా! మీరు ఒక సాయంత్రం నయాపూల్ మీదికి పోయి నిలబడండి. ఇరువైపులా చూడండి. తర్వాత ఇంటికి పోయి మీ నానీని, మీ అమ్మమ్మను, మీ తాతను ఆ భవనాలను గురించి అడగండి. ఎవరు ఎక్కడ పుట్టినారో, ఏ మెట్ల మీద ఎదురుచూచినారో, ఏ కప్పు కింద కోలుకొన్నారో వ్రాసిపెట్టండి. ఉర్దూలో వ్రాయండి, తెలుగులో వ్రాయండి. తప్పులు పోయినా వ్రాయండి. రాళ్లను కాపాడే పని ప్రభుత్వానిది, నిపుణులది. ఆ రాళ్లు మనకేమౌతవో చెప్పే పని మనది. ఆ మాట చెప్పేవారు లేనినాడు ఏ గుమ్మటానికైనా రక్షణ లేదు.

నాడు తరగతిలో లేచి నిలబడిన ఆ విద్యార్థి ఇప్పుడెక్కడున్నాడో గాని, వానికి మేము ఋణపడి ఉన్నాము. ఉస్మానియా దవాఖానా మూసిన తలుపుల ముందు నుండి పోయినప్పుడెల్లా మేము ఒక నిమిషం ఆగుతాము. లోపల ఆ ఎత్తైన కప్పు కింద రెండు మంచాలు మా కండ్లకు కనిపిస్తవి. ఒకదాని మీద మా అమ్మీ. రెండవదాని మీద కొంగుముడి విప్పుతూ ఆ పెద్దామె. ఈసారి ఒత్తులన్నీ వ్రాయగలము.